పాతర ఆవిరి

ఎమ్మిగనూరులో మగ్గాల చప్పుడు మధ్య ఒక బాడుగ ఇల్లు. పల్లెలకు గ్రామసేవకులుగా పోబోయే కుర్రవాళ్ళకు ఆ ఇంట్లో సేద్యం ఓనమాలు నేర్పడం నా ఉద్యోగం. మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన కొత్త అది. విత్తనం దగ్గర్నుంచి పశువుల జబ్బుల దాకా రైతు ఏమడిగినా చెప్పగలిగే మనిషి పల్లెలోనే ఒకడు ఉండాలని ప్రభుత్వం అనుకుంది. ఆ మనిషిని తయారుచేసి పంపే పని మాలాంటి వాళ్ళ మీద పెట్టింది.

వచ్చినవాళ్ళందరూ ఎస్సెల్సీ ప్యాసైన కుర్రవాళ్ళు. గుంటక పేరు విన్నవాళ్ళే గాని, దాని మీద నిలబడి ఎద్దుల్ని తోలినవాళ్ళు తక్కువ. హొళగుంద వైపు నుంచి వచ్చిన ఒకతను మాత్రం రైతు బిడ్డ. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. మడక పట్టడం, గొర్రు తోలడం అతనికి చిన్నప్పటి నుంచే వచ్చు. అందుకే మిగిలినవాళ్ళు పొలంలో దిగినప్పుడల్లా అతని వెనకే నడిచేవాళ్ళు.

వాళ్ళల్లో నాకు బాగా దగ్గరైనవాడు ఇంకొకడు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు దగ్గర పుట్టి పెరిగాడు. తండ్రి లేడు. తల్లి మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది. క్రైస్తవ కుటుంబం. ఆదివారం ప్రార్థనకు పోయి పాట పాడి వస్తే సోమవారం దాకా గొంతు బొంగురుగా ఉండేది. తోటివాళ్ళు అతన్ని మిల్లోడు అని పిలిచేవాళ్ళు. నేను పాఠం చెబుతుంటే ముందుకు వంగి కూర్చునేవాడు. ఒక మాట చెబితే దానికి రెండు ప్రశ్నలు వేసేవాడు. పైరు ఎట్లా పెరుగుతుందో పుస్తకంలో చదివి ఊరుకునే రకం కాదు, మొక్క పీకి వేరు చూడాలి. నాకు అది నచ్చేది.

ఆ వేసవిలో ధాన్యం నిలవ గురించి పాఠం వచ్చింది. ముక్కుపురుగు, బూజు, తడి, వేడి. నల్లబల్ల మీద బొమ్మలు గీసి చెప్పాను గాని నాకే తృప్తి కాలేదు. మా వైపు పల్లెల్లో జొన్నలు నిలవ చేసేది గాదెల్లో కాదు, పాతరల్లో. ఇంటి ముందరో దొడ్లోనో నేలను లోతుగా తవ్వి, లోపల చుట్టూ జొన్నసొప్ప పరిచి, గింజలు పోసి, పైన బండ వేసి మట్టితో మెత్తేస్తారు. మూతి మనిషి పట్టేంత, లోపల మాత్రం కడవ లాగా వెడల్పు. కరువు వస్తే ఊరు బతికేది ఆ గింజలతోనే. ఉద్యోగంలో చేరాక కూడా నేను పాతరను పైనుంచి చూసినవాణ్ణే. పట్నం పిల్లలు ఇంక చూసేది ఎక్కడ. అందుకని ఆదోని దారిలో, రోడ్డుకు కాస్త లోపల ఉన్న ఒక పల్లెలో తెలిసిన రైతును అడిగాను. తొలకరికి ముందు పాతర తీస్తామని, తీసేనాడు కబురు పంపుతానని అన్నాడు. అన్నట్టే పంపాడు.

పొద్దున్నే బస్సు దిగి నడుచుకుంటూ పోయాం. రైతు ముప్పై దాటిన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. ఇంట్లో అతని భార్య, తల్లి. తల్లి బాగా ముసలామె. వేపచెట్టు నీడన చేటలో కందిబేడలు పెట్టుకుని ఏరుతూ కూర్చుంది. మేము నమస్కారం పెట్టినా తల ఎత్తలేదు. చెవులు వినబడవేమో అనుకున్నాను.

మేము పోయేసరికే పాతర మీది మట్టి తవ్వేశారు. మా కళ్ళముందే బండ పక్కకు జరిపారు. ఒక్కసారిగా పుల్లటి వాసన ఎగదన్నింది. కిందటేడు సగం గింజలు తీసి మళ్ళీ మూశారట, కాబట్టి మూతి నుంచి గింజల దాకా ఒక నిలువు మనిషి లోతుకు మించి ఖాళీ ఉంది. రైతు లోపలికి తొంగి చూసి, పక్కకు వచ్చి, పొద్దు వాలేదాకా ఎవరూ దగ్గరికి పోవద్దని, ఆవిరి పోవాలని చెప్పాడు. నేను ఆ మాటే పిల్లలకు చెప్పాను. ఆవిరి అంటే వేడి అనుకున్నాను. మూసి పెట్టిన గింజ వేడెక్కుతుందని చదివాను గదా, లోపల ఉక్కగా ఉంటుందని, కాస్త చల్లారనివ్వాలని వాళ్ళకు వివరించాను.

పొద్దు వాలేలోగా ఖాళీగా ఉండడమెందుకని కొట్టం కింద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. పాతరలో ముందు చెడేది అడుగున ఉన్న గింజా, గోడ పక్కన ఉన్న గింజా అని అడిగాను. కొందరు అడుగు అన్నారు, కొందరు గోడ అన్నారు. హొళగుందతను తమ ఇంట్లో గోడ పక్కదే చెడుతుందని అన్నాడు. మిల్లోడు ఒప్పుకోలేదు. తడి కిందికి దిగుతుంది కాబట్టి అడుగే అని వాదించాడు. సాయంత్రం గింజలు తీసినప్పుడు మనమే చూద్దామని చెప్పి ముగించాను. రైతు భార్య మజ్జిగ తెచ్చిందని పిలిస్తే అందరం కాళ్ళు చేతులు కడుక్కోను బావి దగ్గరికి పోయాం.

బావి దగ్గర నీళ్ళు చేదుతుండగా హొళగుందతని కేక వినబడింది. అతను మా కన్నా ముందు తిరిగి దొడ్లోకి పోయాడు. నేను పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పాతర మూతి దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. పక్కన ఒక జత చెప్పులు. అవి మిల్లోడివి.

లోపలికి చూశాను. బయటి ఎండకు కళ్ళు చెదిరి ముందు ఏమీ కనబడలేదు. తర్వాత తెల్లచొక్కా కనబడింది. గింజల మీద బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి గింజల్ని గుప్పిట పట్టుకుంటున్నట్టు కదులుతోంది. చూస్తుండగానే ఆ కదలిక ఆగిపోయింది.

 పేరు పెట్టి పిలిచాను. నా గొంతు లోపలికి పోయి నాకే తిరిగి వినబడింది. హొళగుందతను అప్పటికే కాళ్ళు లోపలికి వేలాడేశాడు. అతని వెనక ఇంకొకడు చొక్కా విప్పుతున్నాడు. అప్పుడు ముసలామె వచ్చింది. ఎట్లా అంత బిరబిరా వచ్చిందో తెలియదు. హొళగుందతని జుట్టు పట్టుకుని వెనక్కి లాగి, రెండోవాడి రొమ్ము మీద చెయ్యి వేసి నెట్టింది.

"ఎవురూ దిగొద్దండి. దిగినోళ్ళు ఆడ్నే ఉంటారు," అనింది.

చేటలోని కందిబేడలు చెట్టు కింద చెల్లాచెదురై ఉన్నాయి. ఆమె పక్కనున్న సొప్ప కట్టలోంచి పిడికెడు లాగి, తాడుకు కట్టి, పొయ్యి నుంచి కోడలు తెచ్చిన నిప్పుకు అంటించి లోపలికి వదిలింది. మంట మూతి దాటి ఒక మూరెడు పోయిందో లేదో, ఎవరో గుడ్డ కప్పినట్టు ఆరిపోయింది. దాన్ని ఏదీ తాకలేదు. నీళ్ళు పడలేదు, గాలి వీయలేదు. ఉత్తి ఖాళీలో ఆరిపోయింది. కళాశాలలో ఇంత చదువు చదివి, ఆ క్షణంలో నేను చూస్తున్నది ఏమిటో నాకు తెలియలేదు. 

ఆమె అప్పటికే పనులు పురమాయిస్తోంది. కొడుకును వేపకొమ్మలు విరవమంది. కొమ్మల్ని గుత్తిగా మోకుకు కట్టించి, బావిలో నీళ్ళు చేదినట్టు లోపలికి వదిలి పైకి లాగమని మా పిల్లల్ని నిలబెట్టింది. ఇద్దరికి కంబళి ఇచ్చి మూతి పక్కన విసరమంది. కోడల్ని నీళ్ళు తెమ్మంది. ఇంట్లో ఉన్న కడవలన్నీ వచ్చాయి. ఆవిరి అణగాలని ఆ నీళ్ళను ఆమె చేత్తో అందుకుని లోపల చుట్టూ చిలకరిస్తూ పోసింది. ఆ గింజలు ఆ ఇంటికి ఏడాది తిండి. కిందటేడు వానలు లేవు. ఆ పాతర తప్ప ఇంకేమీ లేదని రైతు నాకు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. తడి తగిలితే గింజ ఏమవుతుందో గంట క్రితం నేనే పాఠం చెప్పాను. ఆమె కడవ మీద కడవ పోస్తూనే ఉంది.

మళ్ళీ మంట వదిలింది. ఈసారి ఇంకాస్త కిందికి పోయి ఆరింది. కొమ్మల్ని ఇంకా వేగంగా ఆడించమంది. మూడోసారి మంట గింజలకు కొద్దిగా ఎత్తున ఉండగా రెపరెపలాడి ఆరింది. ఆమె మంట ఆరిన చోటును చూసింది, పిల్లవాణ్ణి చూసింది. తర్వాత తలెత్తి కొడుకును చూసింది.

"దిగు," అనింది.

అతను పంచె గోచీ పోసి బిగించాడు. ఒక మోకు అతని నడుముకు ఆమే కట్టింది, ఇంకొకటి చేతికిచ్చింది. కట్టేటప్పుడు ముడిని రెండుసార్లు గుంజి చూసింది. అది నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

"కడుపు నిండా గాలి ఈడ్నే పీల్సుకోని పో. ఆడ ఊపిరి తీయొద్దు. ఆ పిల్లోని సంకల కింద కట్టు. కట్టినాక మోకు గుంజు. కట్టలేకపోతే వదిలేసి రా."

అతని భార్య అతని నడుముకు కట్టిన మోకు కొసను చేతికి చుట్టుకుని నేల మీద కూర్చుంది.  మడమలు మట్టిలో గుచ్చి వెనక్కి వాలింది. నేను వెళ్ళి ఆమె వెనక మోకు పట్టుకున్నాను. హొళగుందతను, మిగిలినవాళ్ళు రెండో మోకు పట్టుకున్నారు.

అతను దిగిపోయాడు. చేతిలో మోకు జారుతుంటే అరచేతులు మండాయి. తర్వాత జారడం ఆగింది. ఎంతసేపో నేను చెప్పలేను. ముసలామె మూతి మీదికి వంగి చూస్తోంది. నేను ఆమె వీపును చూస్తున్నాను. ఆ వీపు కదిలితే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుందన్నట్టు.

అవతలి మోకు గుంజుడు తగిలింది. "లాగండి," అనింది. రెండు మోకులూ లాగమంది. మిల్లోడు ముందు వచ్చాడు. తల వాలిపోయి, పెదవులు నీలంగా మారి ఉన్నాయి, భుజాలు మూతి దగ్గర ఇరుక్కున్నాయి. ముసలామె అతని చెయ్యి ఒకటి మెలిపెట్టి పైకి తీసింది. చర్మం గీరుకుపోయింది. మా మోకు మాత్రం బండకు కట్టినట్టు బరువుగా వస్తోంది. రైతు పైకి వచ్చేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి గాని చూపు లేదు. నేల మీద పడుకోబెట్టగానే పెద్ద ఊపిరి తీసి, వాంతి చేసుకుని, పక్కకు ఒరిగి దగ్గడం మొదలుపెట్టాడు. భార్య అతని తల ఒళ్ళో పెట్టుకుంది.

మిల్లోడిలో ఊపిరి లేదు. నాకు ఆ రోజు చేతనైన పని ఒక్కటే. బడిలో స్కౌటు పిల్లవాడిగా ఉన్నప్పుడు చెరువులో మునిగినవాళ్ళకు ఏం చెయ్యాలో నేర్పారు. అతన్ని బోర్లా పడుకోబెట్టి, మొహం పక్కకు తిప్పి, వీపు మీద రెండు చేతులూ ఆనించి నొక్కుతూ వదులుతూ పోయాను. నొక్కినప్పుడల్లా అతని నోటి నుంచి పుల్లటి జొన్న వాసన వచ్చింది. నా చెమట అతని చొక్కా మీద పడుతోంది. ఇంక లాభం లేదని ఎవరో గొణిగారు. అప్పుడు గురక లాంటి చప్పుడు ఒకటి అతని గొంతులోంచి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి.

రోడ్డు దాకా మంచం మీద మోసుకుపోయి, ఆదోనికి పత్తి మూటలతో పోతున్న లారీని ఆపి, మూటల మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాం. మిగిలిన పిల్లల్ని హొళగుందతనికి అప్పగించి నేనొక్కణ్ణే వెంట పోయాను. డాక్టరు జరిగింది విని తల ఆడించాడు. మూసిన గింజలు, అందులోనూ తడి తగిలినవి, మంచి గాలిని తినేసి చెడ్డ గాలిని వదులుతాయని, ఆ గాలి బరువైనది కాబట్టి నీళ్ళలాగా అడుగున నిలబడుతుందని చెప్పాడు. రైతు ఆవిరి అన్నది దాన్నని అప్పుడు తెలిసింది.

కబురు అందుకుని తల్లి వచ్చింది. మిల్లు నుంచి అట్లే వచ్చింది, తల వెంట్రుకల నిండా పత్తి నూగు. కొడుకు మంచం పక్కన నిలబడి చాలాసేపు చూసింది. నేను దగ్గరికి పోయి ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆమె నన్ను వరండాలోకి రమ్మని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సార్, వాడు జొన్నలు తీసుకోను దిగినాడా?"

 కొడుకు బతుకుతాడా అని అడుగుతుందనుకున్నాను. ఆమె భయం ఇంకొకటి, కొడుక్కి దొంగతనం అంటగడతారని. కాదమ్మా, పాఠం కోసం దిగాడు, ఏ గింజ ముందు చెడుతుందో చూద్దామని దిగాడు అన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు. "పాఠానికా," అని నెమ్మదిగా అని, గోడకు ఆనుకుని కూర్చుంది. కొంతసేపటికి చేతులు జోడించి ప్రార్థన చేసుకుంది.

మరునాడు పొద్దున మిల్లోడు కళ్ళు తెరిచాడు. తల్లిని గుర్తుపట్టాడు. నావైపు చూసి, ఈయన ఎవరమ్మా అని అడిగాడు. వాళ్ళమ్మ నా మొహం చూసింది. నవ్వుతున్నాడేమో, ఆటపట్టిస్తున్నాడేమో అని నేను దగ్గరికి వంగాను. అతని కళ్ళల్లో మర్యాద తప్ప ఇంకేమీ లేదు. ఎస్సెల్సీ ఫలితాలు ఇంకా రాలేదు గదా అని తల్లిని అడిగాడు. శిక్షణకు వచ్చింది, ఎమ్మిగనూరు, మగ్గాల చప్పుడు, ఏదీ గుర్తు లేదు. మనిషి ఎదురుగా ఉండి, మాట్లాడుతూ, నన్ను ఎరుగనట్టు చూడడం నాకు అదే మొదలు. పాతర అంచున నిలబడినప్పటి కన్నా అప్పుడే ఎక్కువ బెదిరిపోయాను. కాలం గడిస్తే కొంత తిరిగి రావచ్చని డాక్టరు అన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆ పల్లెకు తిరిగి పోయాను. పిల్లల్ని ఎమ్మిగనూరు చేర్చాలి, రైతుకు మొహం చూపించాలి. ఊరి బయట కల్లం దగ్గరే ఆగిపోయాను. తడిసిన జొన్నలన్నీ బయటికి తీసి కల్లంలో, బండల మీద, ఇళ్ళ కప్పుల మీద, ఎవరి దుప్పటి దొరికితే వాళ్ళ దుప్పటి మీద పరిచారు. మా పిల్లలు వరసగా నిలబడి కాళ్ళతో గింజల్ని తిరగేస్తున్నారు. ఊళ్ళో ఆడవాళ్ళు చేటలతో చెరుగుతున్నారు. రైతు కూడా ఉన్నాడు, తలకు గుడ్డ బిగించి కట్టుకుని. తల పగిలిపోతోందట, అంతకన్నా ఏమీ లేదన్నాడు. కుర్రవాడు బతికాడని చెబితే మంచిదన్నాడు. మూడు వంతులు నిలుస్తుంది, ఒక వంతు పశువులకు పోతుంది అని గింజల గురించి చెప్పాడు. నిన్నటి సంగతి గురించి అతను అన్నది అంతే.

ముసలామె వేపచెట్టు కింద పాత చోటే కూర్చుని ఉంది. నేను పోయి నేల మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక, ఉన్న ఒక్క కొడుకును ఎట్లా దింపినావవ్వా అని అడిగేశాను. అడిగిన తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆమెకు కోపం రాలేదు. పాతర మూతి వైపు గడ్డం చూపించింది.

వాళ్ళాయన చచ్చిపోయింది అందులోనే అని చెప్పింది. అప్పుడు ఈ కొడుకు కడుపులో ఉన్నాడట. అది కూడా కరువు కాలమే. తొందరపడి దిగాడు. దిగినవాడు పడిపోయాడు. ఊరంతా మూతి చుట్టూ నిలబడింది. ఆయన అన్న దిగబోతే నలుగురు పట్టుకున్నారు. ఈమె దిగబోతే కడుపుతో ఉన్నదానివని పట్టుకున్నారు. అందరూ చూస్తుండగా లోపలి మనిషి చాలాసేపు కదులుతూ ఉన్నాడట. కొమ్మలు ఆడించడం, మంట వదలడం అప్పుడు ఎవరికీ తోచలేదు. తర్వాత ఏ ఊళ్ళో ఎట్లా చేస్తారో ఆమె అడిగి తెలుసుకుంది.

"ఆ పొద్దు ఒగడు గూడ దిగల్యా నాయనా," అనింది. "మీ పిల్లోనికి గూడ ఒగ అమ్మ ఉంటాది గదా."

 అంత జరిగిన పాతరను ఇన్నేళ్ళుగా ఎట్లా వాడుతున్నారు, పూడ్చెయ్యాలనిపించలేదా అని అడిగాను. ఆమె నావైపు వింతగా చూసింది. ఆయన పోయిన ఏడాదే కొడుకు పుట్టాడు, పాలు పడాలంటే తాను తినాలి, తినడానికి ఇంకేముంది అంది. ఆయన పడిన చోటి గింజల్లో ఒక్కటి కూడా పారేయలేదట. ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో బాధ గాని గొప్ప గాని లేవు. వాన పడిందని చెప్పినట్టు చెప్పింది.  నేను పుట్టి పెరిగిన ఆదోనికి బండి దూరంలో ఉన్న ఇల్లు అది.

ఆ మాటల్లోనే కోడలు పిలిచింది. ఆరిన జొన్నలు విసిరి రొట్టెలు తట్టింది. మా అందరికీ వడ్డించింది. ముల్లంగాకు పప్పు, ఎర్రకారం. పిల్లలు రొట్టె చేతిలో పట్టుకుని నావైపు చూశారు. హొళగుందతని మొహం పాలిపోయి ఉంది. నా ముందున్న రొట్టెలో ఆ పుల్లటి వాసన సన్నగా ఉంది. ఆసుపత్రిలో రాత్రంతా నా ముక్కులో ఉన్నది అదే వాసన. ముసలామె మాకు ఎదురుగా కూర్చుని, తన రొట్టె తుంచుకుని నమలడం మొదలుపెట్టింది. నేను తుంచి నోట్లో పెట్టుకున్నాను. నన్ను చూసి పిల్లలు తిన్నారు.  ముసలామె ఇంకో రొట్టె వేయమని కోడలికి చెబుతూ ఉంది.

పై అధికారి పిలిపించి అడిగాడు. పాతరలో దిగమని పాఠంలో ఎక్కడైనా ఉందా అన్నాడు. లేదన్నాను. దిగొద్దని ఉందా అన్నాడు. అదీ లేదన్నాను. ఇకమీదట ధాన్యం నిలవ పాఠం గదిలోనే చెప్పమన్నాడు. నేను గదిలోనే చెప్పాను, కాని చెప్పే తీరు మార్చాను. తర్వాత వచ్చిన ప్రతి జట్టుకూ ముక్కుపురుగు కన్నా ముందు గాలి గురించి చెప్పాను. బావిలో పూడిక తీసేవాడికి, పాతరలో గింజ తీసేవాడికి మీరు ముందు చెప్పాల్సింది ఇదీ అని చెప్పాను. కొందరు నవ్వేవాళ్ళు, గాలికి పాఠమేమిటని. హొళగుందతను తన శిక్షణ అయిపోయేముందు ఒకరోజు కొత్త జట్టు ముందు నా బదులు లేచి నిలబడి, తాను చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మిల్లోడికి జ్ఞాపకం నెమ్మదిగా చాలా వరకు తిరిగి వచ్చింది. కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, తర్వాతి జట్టుతో మళ్ళీ మొదటి నుంచి శిక్షణ పూర్తి చేశాడు. నన్ను మళ్ళీ కొత్తగా ఎరిగాడు. ఆలూరు వైపు ఒక పల్లెలో ఉద్యోగం ఇచ్చారు. మంచి పేరు తెచ్చుకున్నాడని విన్నాను. ఆ ఒక్క రోజు మాత్రం అతనికి ఎప్పటికీ రాలేదు. బస్సు దిగి ఆ పల్లెకు నడిచింది, కొట్టం కింద కూర్చుని వాదించింది, చెప్పులు విప్పింది, ఏదీ గుర్తు లేదు. మేము చెబితే వినేవాడు, ఇంకెవరి కథో విన్నట్టు.

నాలుగైదేళ్ళ తర్వాత పత్తి కాలంలో ఆదోని మార్కెట్టులో ఎదురుపడ్డాడు. తన పల్లె రైతులతో వచ్చాడు. టీ తాగుతుండగా ఉన్నట్టుండి, సార్, నన్ను పైకి తీసినాయన ఇల్లు చూపిస్తారా అన్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి పోయాం.

అప్పటికి తుంగభద్ర కాలువ నీళ్ళు ఆ వైపు రావడం మొదలైంది. ఊళ్ళో నేల చెమర్చి పాతరల్లోకి ఊట దిగుతోందని చాలామంది పూడ్చేశారు. ఈ ఇంట్లో కూడా పూడ్చేశారు. ఆ చోట జొన్నసొప్ప వామి వేసి ఉంది. అతను దాని పక్కన నిలబడి నేలను కాలితో తట్టి చూశాడు. ఏమైనా తోస్తోందా అని అడిగాను. ఏమీ తోచడం లేదన్నాడు. రైతు పొలం నుంచి ఇంకా రాలేదు.

ముసలామె అరుగు మీద ఉంది. చూపు బాగా తగ్గింది. ఎవరప్పా మీరు, ఏ ఊరు అని అడిగింది. నన్ను గొంతుతో పోల్చుకుంది, అతన్ని పోల్చుకోలేదు. పోల్చుకోను ఆమె అతని గొంతు ఎప్పుడు విన్నది గనక. అతను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అవ్వా, మీ కొడుకు నన్ను పాతరలోంచి తీసినాడంట," అన్నాడు.

ఆమె చెయ్యి చాచి అతని తల, భుజం, మోచెయ్యి తడిమింది. మూతి దగ్గర మెలిపెట్టి తీసిన చెయ్యి అదే. మోచేతి మీద మచ్చ తగిలినట్టుంది, అక్కడ వేళ్ళు ఆగాయి.

"నువ్వా," అనింది. "శానా బరువుంటివప్పా నువ్వు."

అతను నవ్వబోయాడు, నవ్వు మధ్యలోనే మొహం మారిపోయింది. నేను లేచి వామి వైపు నడిచాను.

 తిరుగు బస్సులో, మా అమ్మను తీసుకొచ్చి ఈ అవ్వకు చూపించాలి సార్ అన్నాడు. తీసుకుపోయాడట కూడా, ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారని తర్వాత కలిసినప్పుడు అడిగాను. తెలియదన్నాడు. తనను బయట కూర్చోమని లోపలికి పోయారట. పొద్దు కుంకేదాకా బయటికి రాలేదట.